పుండు మీద పోసిన నీళ్లు

“చేపలోల్ల పిల్లను ఇంటికి తెచ్చుకుంటే కాలు పోక ఇంగేమైతాది!”

కర్నూలు ఆసుపత్రిలో, పదిమందీ వింటుండగా అత్త కృష్ణవేణమ్మ అన్న మాట నాగజ్యోతికి చెంప మీద కొట్టినట్టే తగిలింది. మంచం మీద భర్త ఓబుళేశు! తుమ్మముల్లు దిగిన పాదం మోకాలి దాకా ఉబ్బి, నల్లబడి... అసలే చక్కెర జబ్బు మనిషి. మందులు పట్టడం లేదు. రేపటికి తగ్గకపోతే కాలు తీసెయ్యాలన్నారు!

డాక్టరమ్మ వచ్చింది. “ఇది నీళ్లలో బతికే క్రిమిలా ఉంది. చేపల్లో, పశువుల్లో, తిండిలో కూడా ఉంటుంది. గట్టి మనిషి జోలికి అంతగా పోదు. ఒంట్లో సత్తువ తగ్గి, పుండు దొరికిందా... దూరిపోతుంది. పుండుకు ఏ నీళ్లు తగిలాయి?”

“చేపలంట! ఇంటివా ఓబుళేసూ? నేను మొత్తుకుంటే ఇన్నావా?” అత్త చేతులు తిప్పింది.

నాగజ్యోతికి అసహ్యంతో నవ్వొచ్చింది. పెళ్లయి పన్నెండేళ్లు, ఆ ఇంట్లో చేప తోకనైనా ముట్టలేదు! ఉగాదికి శ్రీశైలం నుంచి తెచ్చిన నీళ్లు ఏడు నెలలు డబ్బాలో దాచి, కొడుకు పుండు మీద పూటపూటా పోసిందెవరు? “వద్దత్తా, కాచి చల్లార్చిన నీళ్లతో కడుగుతా” అంటే, “మల్లన్న నీళ్లకన్నా నీ చేతి నీళ్లు గొప్పా?” అని నెట్టేసిందెవరు?

“ఏ నీళ్లూ తగల్లేదమ్మా” అంది కృష్ణవేణమ్మ.

ఓబుళేశు పైకప్పు చూశాడు. తల్లి మాట కాదన్న పాపాన ఎన్నడూ పోలేదు ఆ మహానుభావుడు! కాలు పోతున్నా నోరు పెగలదు!

“తగిలినాయి డాక్టరమ్మా! శ్రీశైలం నది నీళ్లు, ఏడు నెల్లు డబ్బాలో నిలవున్నవి. మా అత్త పోసింది. ఈయప్ప పోయించుకున్నాడు.”

“నా బిడ్డకు నేనే విషం పోస్తినా...!” ముసలామె గోడకు జారగిలబడింది.

“ఆ నది తప్పు కాదమ్మా. ఏ బావి నీళ్లలోనైనా ఉండొచ్చు” అంటూ డాక్టరమ్మ మందు మార్చింది.

నాలుగో రోజుకు వాపు దిగింది. చిటికెన వేలు పోయింది, కాలు నిలిచింది. ఆ మధ్యాహ్నం కృష్ణవేణమ్మ క్యారియర్ తెచ్చి కోడలి ముందు పెట్టింది. తప్పయిందనలేదు, అనే రకం కాదు.

“తింటివా ఏమ్మే?”

“ఈ మాట అడిగేకి పన్నెండేండ్లు పట్టెనా అత్తా? దానికి నీ కొడుకు వేలు పోవాల్సొచ్చె!”

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది... ఆమె మీద కోపం కూడా దండగనిపించింది నాగజ్యోతికి. క్యారియర్ విప్పి, జొన్నరొట్టె సగానికి తుంచి ఆమె చేతిలో పెట్టింది.

“తిను. నువ్వు గూడా పడితే మోసేది నేనే గదా!”