వరద కూల్చని వంతెన

మాలిని పరిగెడుతోంది.

వాగు ఇసుకలో కాళ్లు కూరుకుపోతున్నాయి. ఇప్పుడే పొద్దు గుంకింది. వెనుక రెండు టార్చిలైట్లు.

"మేడం, నిలబడండి. మాట్లాడుకుందాం."

వెంకటేశన్ గొంతు. కొత్త వంతెన కాంట్రాక్టర్. తమిళనాడులోని ఈ మేలూరు ఆఫీసు పనిలో ఆమెతో ఇంటి తెలుగు మాట్లాడే ఒకే ఒక్క మనిషి.

ఆమె ఆగదు.

నీటి మడుగు... జారి పడుతుంది. లేస్తుంది. చేతిలో ఫోన్ లేదు!

ఫొటోలన్నీ అందులోనే.

కాసేపటి క్రితమే కూలిన వంతెన రాళ్లగుట్టలో ఆ స్తంభం రాయిని చూసింది. రాతిలో గుండ్రటి తూటు. గ్రానైట్ క్వారీల్లో పేలుడు మందు కూరడానికి డ్రిల్లుతో వేసే తూటు. పక్కన ఇంకోటి. ఇంకోటి.

వరద రాయికి డ్రిల్లు వెయ్యదు.

ఆమె అసిస్టెంట్ ఇంజనీరు. వరద నష్టం నిజమో కాదో చూసి సంతకం చేయడం ఆమె పని. పాతబడి కూలిన వంతెనకు విపత్తు నిధి నుంచి పైసా రాదు. వరద కూల్చితేనే కొత్తది కడతారు. ముందున్న ఇంజనీరు సంతకంతో మొదటి విడత డబ్బు వచ్చేసింది. రేపు కేంద్ర బృందం వచ్చి చూసి సరేనంటే మిగతాది.

ఆలోపు ఈ రాళ్లు క్రషర్‌కు పోవాలి. చూసిన మనిషి కూడా మిగలకూడదు.

మేలూరులో ఆమెది ఒంటి గది. సెలవు రోజున నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడే పని ఉండదు. ఈ రాత్రి గదికి చేరకపోతే వెతికేవాళ్లు లేరు.

ఆ సంగతి వెంకటేశన్‌కూ తెలుసు.

గట్టు ఎక్కుతుంది. ఎదురుగా ఒకదానికొకటి ఆనుకుని వరుసగా రేకు షెడ్లు. ఇళ్లు పోయినవాళ్లకు ప్రభుత్వం వేసిచ్చినవి. కరెంటు లేదు. అంతా చీకటి. చివరి తలుపు తడుతుంది.

అంజలమ్మ తీస్తుంది. వాగు దగ్గరికి పనికి వచ్చినప్పుడల్లా తెలుగులో పలకరించే మనిషి. ఆమె భర్త కుళందైసామి ఊళ్లో పాలు పోసేవాడు. వంతెనతోపాటే పోయాడు. వరద మృతుల్లో కలిపేశారు.

"అక్కా, లోపలికి రానీ."

"రా పాపా. ఏమి ఇట్లా తడిసి ఉండావు?"

"వంతెన వరదలో పోలేదక్కా. మందు పెట్టి పేల్చినారు."

అంజలమ్మ దీపం వత్తి తగ్గిస్తుంది.

"ఆ పొద్దు ధడేల్‌మని సత్తం విన్నా. తాసీల్దారు దగ్గిర చెప్పినా. పిడుగులే, పో అన్నారు. మళ్లా ఎవురూ అడగలే."

బయట అడుగుల చప్పుడు.

వద్దన్నట్టు మాలిని తల ఊపుతుంది. అంజలమ్మ చూసి కూడా తలుపు తీస్తుంది.

"లోపలే ఉండాది అన్నా. రా."

మాలిని వెనక గోడ దాకా జరుగుతుంది. ఈమె కూడానా...

వెంకటేశన్ తల వంచి లోపలికి వస్తాడు. నడుము దగ్గర చొక్కా ఉబ్బెత్తుగా ఉంది. రెండో టార్చి బయటే ఆగుతుంది.

"ఫోన్ ఇయ్యండి మేడం."

"నీళ్లలో పోయింది."

"మంచిది. రాళ్లు కూడా పొద్దునకు ఉండవు. ఉత్త మాట ఎవురు నమ్ముతారు?"

అది మాలినికీ తెలుసు. ఎవరూ నమ్మరు.

"అన్నా," అంటుంది అంజలమ్మ. "ఒకటి అడగాల. నా మొగుడు ఆ పొద్దు యాడ నిలబడి ఉండాడు?"

"అది ఇప్పుడు ఎందుకు?"

"ఇన్నాళ్లూ నిన్ను ఏమీ అడగలే. ఇది ఒకటే."

వెంకటేశన్ గొంతు తగ్గిస్తాడు. "రోడ్డుకు రెండు పక్కలా మనుషుల్ని పెట్టినా, ఎవురూ రాకుండా. గట్టు దారి మరిచిపోయినా. ఆయన ఆ దారిలో వచ్చినాడు. వంతెన మీద నుంచి టార్చి కొట్టినాడు. నా మొకం చూసినాడు."

"చూసినాక?"

"పొమ్మని చెప్పి ఉండచ్చు."

"చెప్పలేదా?"

"చెప్పలే. వత్తి అంటించినా."

అంజలమ్మ ఏడవదు. వెనక్కి జరిగి అరచేత్తో గోడ మీద ఒక్క దెబ్బ కొడుతుంది. రేకు గోడ ఖణేల్‌మంటుంది.

"విన్నారా?"

పక్క షెడ్డులో ఎవరో దగ్గుతారు... అంత దగ్గరగా, ఈ గదిలోనే ఉన్నట్టు. తర్వాత అటువైపు నుంచి రేకు మీద ఒక దెబ్బ. దాని పక్క షెడ్డులో ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. వరుస పొడుగునా.

వెంకటేశన్ చెయ్యి నడుము మీదే నిలిచిపోతుంది. బయటి టార్చి గట్టు దిగి పారిపోతోంది.

తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు.

అతను గిరుక్కున తిరుగుతాడు.

గుమ్మం నిండా మనుషులు.