పాదరసం ల్యాబ్‌లో పెళ్లిచూపులు

ములకలపల్లి దగ్గరి నీటి పరిశోధన కేంద్రంలో చేరిన మొదటిరోజే షాలేమ్‌రాజు ల్యాబ్‌లోంచి గెంటించుకున్నాడు.

కాళ్లకు చెప్పులు. చేతిలో సగం తిన్న సమోసా. లోపల అడుగు పెట్టాడో లేదో, తెల్లకోటూ మాస్కూ పెద్ద కళ్లద్దాలూ వేసుకున్న ఓ ఆకారం చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. ఎవరు మీరు?"

"కొత్త రీసెర్చ్ స్కాలర్‌ని మేడమ్. ఖమ్మం నుంచి."

"ఇక్కడ నీళ్లల్ల సీసం, ఆర్సెనిక్, పాదరసం ఎంతుందో చూస్తం. మీ ముందున్న సీసాల పాదరసం ఉప్పుంది. ఇక్కడ నిలబడి సమోసా తింటే, తర్వాత మీ కిడ్నీలు టెస్ట్ చెయ్యాల్సొస్తది."

"మరి సమోసా?"

"దాన్ని తీస్కొని బయటికి పోండి. బూట్లేసుకొని రండి."

ఆమె పేరు జెస్సికా. ల్యాబ్ సేఫ్టీ అంతా ఆమె చేతుల్లోనే ఉంది.

బయట వాన దంచుతోంది. ములకలపల్లి బజారులో అతని సైజుకు దొరికినవి పొలంలో తొడుక్కునే గంబూట్లే. వాటితోనే టపటపమంటూ వచ్చాడు. కళ్లద్దాల వెనకాల ఆమె కళ్లు చిన్నవయ్యాయి. నవ్వింది. అంతే, షాలేమ్‌రాజు పని అయిపోయింది.

విచిత్రమేమిటంటే, ఇంకా ఆమె మొహమే చూడలేదు. ఓరోజు క్యాంటీన్‌లో ఉప్మా తింటున్న అమ్మాయిని అడిగాడు.

"జెస్సికా మేడమ్‌ని చూసిన్రా?"

"అవ్. పొద్దున అద్దంల చూసిన. ఏంది చెప్పండి."

ఆ రోజంతా అతను ఏ సీసా పట్టుకోకుండా కూర్చున్నాడు. ధ్యాస పని మీద లేకుంటే విషం పట్టుకోకూడదని ఆమె చెప్పిన రూలే.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఓ మధ్యాహ్నం జెస్సికా అతని పక్కకు వచ్చి నిలబడింది.

"సోమవారం నన్ను చూడ్డానికి అబ్బాయొస్తున్నడు."

"ఎక్కడికి?"

"ఇక్కడికే. నాకు లీవ్ లేదన్న. అయితే ల్యాబ్‌కే తీస్కొస్తనన్నడు మా డాడీ. పెళ్లయినంక నేను ఉద్యోగం మానెయ్యాల్నట." అతని వైపు తిరిగింది. "ఇంకెవరన్నా ఏదన్నా చెప్పేది ఉంటే, ఇప్పుడు చెప్తే బాగుంటది."

షాలేమ్‌రాజు చేతిలోని సీసా వైపు చూశాడు. "మేడమ్, ఈ సీసా లేబుల్ ఊడిపోతున్నది" అన్నాడు.

ఆమె విసురుగా వెళ్లిపోయింది. అతను తన తల తనే కొట్టుకోబోయి, చేతికి గ్లవ్స్ ఉన్నాయని ఆగిపోయాడు.

సోమవారం రానే వచ్చింది. చర్చి పెద్ద అయిన జెస్సికా తండ్రి జకర్యా, పెళ్లికొడుకు యోనాను వెంటబెట్టుకుని దిగాడు. యోనాకు ఖమ్మంలో సెల్‌ఫోన్ల షాపు ఉంది.

"ఈ గదిలనే కూసోండి. ఏ తలుపూ తీయొద్దు" అని జెస్సికా టీ చెప్పడానికి వెళ్లింది.

యోనా వెంటనే తలుపు తీశాడు. వెనకే జకర్యా. లోపల షాలేమ్‌రాజు నిలువెల్లా తెల్లసూటులో పనిచేస్తున్నాడు.

"ఏంది బ్రదర్ ఇది, సెంటా?" అంటూ యోనా ట్రేలోని సీసా ఎత్తాడు.

"పెట్టెయ్యండి!"

ఆ అరుపుకు సీసా జారి భళ్లుమంది. ద్రావణం యోనా ప్యాంటు మీదా, జకర్యా కాళ్ల మీదా చిందింది. యోనా చేతిరుమాలు తీసి తుడుచుకోబోయాడు.

"ముట్టుకోవద్దు! అది పాదరసం!" షాలేమ్‌రాజు యోనా జబ్బ పట్టి, ల్యాబ్ మూలనున్న సేఫ్టీ షవర్ కిందికి తోశాడు. కళ్లజోడు ద్రావణంలో పడేసుకుని జకర్యా భయంతో బిగుసుకుపోతే కుర్చీలో కూర్చోబెట్టి, వంగి, ఆయన కాళ్లు తన చేతులతో కడిగాడు. ధార ఆపకుండా, ఓపిగ్గా, వేళ్ల సందుల దాకా.

జెస్సికా పరుగున వచ్చి ఒక్క చూపులో అంతా అర్థం చేసుకుంది. ల్యాబ్‌లో పనిచేస్తున్న మిగతావాళ్లను బయటికి పంపి, డాక్టరుకు ఫోన్ చేసి, నేల మీది ద్రావణాన్ని పొడి చల్లి పీల్పించి, గాజు పెంకుల్ని పట్టకారుతో ఏరింది. ఒక్క చుక్క కూడా మురుగు మోరీలోకి పోనివ్వలేదు. తడిసిన బట్టలు మందపాటి సంచిలోకి పోయాయి.

"ఆ ప్యాంటు నిన్ననే కుట్టించిన!" షవర్ కింద నిక్కరు మీదున్న యోనా మొత్తుకున్నాడు.

"ఇగ అది ప్యాంటు కాదు సార్, హజార్డస్ వేస్ట్" అంది జెస్సికా, అటు తిరగకుండానే.

డాక్టరు వచ్చేదాకా అందరికీ కొత్త తెల్లసూట్లు, మాస్కులు ఇచ్చి వరండాలో కూర్చోబెట్టి, తనూ ఎదురుగా నిలబడింది. ఇప్పుడు ఎవరు ఎవరో తెలియదు. దానికి తోడు జకర్యా కళ్లజోడు కూడా సంచిలోకి పోయింది.

ఆయన పక్కనున్నవాడి చెయ్యి తడిమి పట్టుకున్నాడు.

"నాయనా యోనా, నా కాళ్లు కడిగినవ్. నా కొడుకు కూడ గట్ల కడగడు. నా బిడ్డ నీదే."

"అంకుల్, నేను..."

"కండ్లు మూస్కో. ప్రార్థన చేద్దాం."

షాలేమ్‌రాజు తల మీద చెయ్యి పెట్టి ఆయన మొదలుపెట్టేశాడు. చర్చి పెద్ద ప్రార్థనను మధ్యలో ఎలా ఆపాలో ఎవరికి తెలుసు?

"అంకుల్, యోనా అంటే నేను! ఇక్కడున్న!" బెంచీ ఆ చివర నుంచి కేక.

"ఎవరది? ఆమెన్ అనేదాక ఆగు!"

ఆమెన్ అయింది. షాలేమ్‌రాజు లేచి నిలబడ్డాడు.

"అంకుల్, నేను యోనాను కాదు. షాలేమ్‌రాజును. ఇక్కడ పనిచేస్త. ఎవరి కాళ్లయినా గట్లనే కడిగేటోణ్ణి, కాబట్టి దానికోసం బిడ్డనియ్యకండి. కానీ జెస్సికా అంటే నాకు ప్రాణం. ఆమె ఉద్యోగం మానెయ్యొద్దు. ఈ మాట మొన్ననే చెప్పాల్సింది, భయపడ్డ."

జకర్యా బిత్తరపోయాడు. "మరి ప్రార్థన అయిపోయిందే! యోనా, నువ్వేమంటవ్?"

"ఆయన్నే చేస్కోమనండి అంకుల్. నాకు ఇంటికి పోవడానికి ఒక ప్యాంటు ఇప్పిస్తే చాలు."

అంతలో కొత్తగూడెం నుంచి డాక్టరు వచ్చాడు. అందర్నీ పరీక్షించి, వెంటనే కడగడం మంచిదైంది, ప్రమాదమేమీ లేదు, మాస్కులు తీయొచ్చన్నాడు. జకర్యా షాలేమ్‌రాజు మొహానికి జానెడు దూరం దాకా వచ్చి కళ్లు చికిలించి చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"బిడ్డా, తప్పు మనిషికి దీవెన ఇచ్చిన. ఇప్పుడేం చేద్దాం?"

జెస్సికా కళ్లద్దాలు తీసింది. కళ్లు తడిగా ఉన్నాయి, పెదవుల మీద నవ్వు ఆగడం లేదు.

"నేను కండ్లు తెరిచే ఉన్న డాడీ. నీ చెయ్యి ఎవరి తల మీదున్నదో చూసే, అందరికన్న ముందు ఆమెన్ అన్న."