వాడంతటికీ ఒకే నాలుక

మూడో గరిటె నోట్లో పోసుకున్నాక కూడా అది పప్పుచారని మంగతాయారుకి తెలియలేదు. రాగి చెంబు అంచు నాకినట్టుంది. ఆ వెనకే నాలుక చివర భగ్గున మండింది. వంటమర తన పొడవాటి చేత్తో నాలుగో గరిటె ఆమె మూతి ముందుకు తెచ్చి ఓపిగ్గా ఆగింది. దానికి విసుగు లేదు, నడుం నొప్పి లేదు. విసుగంతా ఈవిడ వంతే.

ఉప్పుటేరు వాడ ఇళ్ళలో వంటిళ్ళు ఉండవు. సముద్రం ముందుకొచ్చి పాత కాకినాడలో సగాన్ని పొట్టన పెట్టుకున్నాక, మిగిలిన జనాన్ని స్తంభాల మీద కట్టిన ఈ ఇళ్ళలోకి ఎక్కించారు. పొయ్యికి చోటివ్వలేదు. వాడకొక వంటశాల, దానికొక వంటమర, పక్కనే భోజనాల గది. బియ్యం ఎంత, నీళ్ళెంత, సెగ ఎంత అన్నది మరకు మనకంటే బాగా తెలుసు. రుచి మాత్రం తెలియదు. దానికి ఒక మనిషి నోరు కావాలి. ఆ మనిషిని రుచికర్త అంటారు. ఆమె అంగిట్లో చింతగింజంత బిళ్ళ ఒకటి అతికిస్తారు. నాలుకకు ఏం తోచిందో ఆ బిళ్ళ మరకు చేరవేస్తుంది. నాలుక తృప్తి పడేదాకా మర చిటికెడు ఇది, చిటికెడు అది కలుపుతూ పోతుంది. రుచికర్త నోరు తెరవాలి గాని మాట్లాడక్కర్లేదు.

ఇరవైల్లో ఉండగా మంగతాయారు రుచికర్త కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు నలభై తొమ్మిది. "మంగతాయారు నాలుక తప్పదు" అనే మాట వాడలో సామెత అయిపోయింది. వాన పడుతుందో లేదో చెప్పేవాడు కూడా, "నాదేం మంగతాయారు నాలుకా?" అని ముందే తప్పించుకుంటాడు.

ఈ వేసవి మొదట్లో ఆ నాలుక మీద మంట మొదలైంది. పొద్దున్న లేచేసరికి కొద్దిగా, మధ్యాహ్నానికి వేడి కాఫీతో కాల్చుకున్నంతగా. ఉప్పు ఉప్పులా తగలదు. కారం తగిలితే కళ్ళమ్మట నీళ్ళు. వంటమర పాపం ఏం చేస్తుంది? మిరపకాయ తగ్గించింది. ఊరుకోలేదు నాలుక. చింతపండు తగ్గించింది. ఊరుకోలేదు. బెల్లం వేసింది, కొబ్బరిపాలు పోసింది, ఇంకాస్త బెల్లం వేసింది. అప్పటికి నాలుక కాస్త చల్లబడి ఊరుకుంది. తృప్తి అంటే అదేననుకుని మర గంట కొట్టింది.

గంగాళంలోకి చూసింది మంగతాయారు. పప్పుచారు పాయసం రంగులో ఉంది. మింగలేక కక్కలేక అక్కడే కూర్చుంది.

నోరు బాగోలేదని ఒక్క మాటంటే బిళ్ళ తీసేస్తారు. నియమం అది. రుచికర్త కాకపోతే తనెవరు? పిల్లలు లేరు. పెద్ద చదువు లేదు. గొంతు బాగుండదు, ముగ్గు వంకర పోతుంది. దేవుడు ఒక్క నాలుకే ఇచ్చాడు. అది పోయిందని పదిమందిలో ఒప్పుకోవడం ఆమె వల్ల కాలేదు. పళ్ళ డాక్టరుకు చూపించుకుంటే పళ్ళు ముత్యాల్లా ఉన్నాయన్నాడు. కడుపు డాక్టరు కడుపు బాగుందన్నాడు. ఇక ఒంటి బాగోగులు కనిపెట్టి చెప్పే ఒంటికాపరి మర మణికట్టు మీద ఉంది. రోజూ పొద్దున్నే అది మెత్తటి గొంతుతో చెబుతుంది: "మీ మార్పు దశ సుఖంగా సాగుతోంది."

సుఖం దాని మొహం! ముట్లుడిగే ఈడులో ఒంట్లోంచి సెగలు పుడతాయని దానికి నేర్పారు. అందుకని సెగ పుట్టగానే చల్లబడే చలువ రవికలు వచ్చాయి. నిద్ర పట్టదని నేర్పారు. జోల పాడే తలగడలు వచ్చాయి. ఆ రెండూ సర్దుకోగానే ఆడవాళ్ళ బాధ తీరిపోయిందని లోకమంతా చేతులు దులుపుకుంది. తీరిపోయిన బాధ గురించి మళ్ళీ మాట్లాడితే నవ్వుతారని ఆడవాళ్ళూ నోరు కుట్టేసుకున్నారు. ఈ మంటకూ ఆ మార్పుకూ సంబంధం ఉందని మంగతాయారుకి తట్టనే లేదు.

ఆ రోజు వడ్డనలు అయ్యాక, వాడ వైద్యశాలలో ఏదైనా పూత మందు అడుగుదామని వెళ్ళింది. వరస గుమ్మం దాటి వంతెన దాకా ఉంది. వరసలో ముసలాళ్ళున్నారు, పడవలు నడిపే కుర్రాళ్ళున్నారు, చంకలో పిల్లలతో తల్లులున్నారు. మధ్యలో, తువ్వాలు తల మీద కప్పుకుని, దొంగలా ఆమె మొగుడు భాస్కరం ఉన్నాడు.

"ఏవండీ! మీరేంటిక్కడ?"

భాస్కరం నాలుక్కరుచుకున్నాడు. "ఏం లేదు మంగా. చిన్న విషయం."

"చిన్న విషయానికి తువ్వాలు కప్పుకుంటారా?"

అతను ఆమెను పక్కకు తీసుకెళ్ళాడు. "నా నాలుక చచ్చిపోయిందే. నువ్వు రుచి చూసిన వంట నాకు చప్పగా తగులుతోంది. గోంగూర తియ్యగా ఉంటుందా ఎక్కడన్నా? నాకలా ఉంటోంది. నీతో అంటే బెంగెట్టుకుంటావని అన్లేదు."

"వీళ్ళందరూ?"

"అందరిదీ అదే జబ్బు. నీటిలోంచి ఏదో పాకిందంటున్నాడు డాక్టరు. నాలుక మీద మందు చుక్కలేస్తున్నాడు. నాలుక పొక్కుతోంది గానీ గుణం కనబళ్ళేదు." అతను నాలుక చాపి చూపించాడు. ఎర్రగా పొక్కి ఉంది. నిక్షేపంలాంటి నాలుక, మందు చుక్కలకే పొక్కింది.

మంగతాయారు వరస చివరిదాకా చూసింది. ఇంత వరసలో ఒక్కరికి, కనీసం ఒక్కరికి, రుచికర్త నోరు చెడిందేమోనన్న అనుమానం రాలేదు. తమ నోళ్ళే చెడ్డాయనుకుని వైద్యం చేయించుకుంటున్నారు. ఆమెను చూసి వరసలోని తల్లి ఒకావిడ చంకలోని పిల్లకు చెబుతోంది: "మంగతాయారు మామ్మ ఎంత బాగా రుచి చూస్తారో, నువ్వేమో తినవు. నోరు తెరు, చుక్కలేయించుకుందాం." పిల్ల బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

ఆమెకు పూత మందు అడగబుద్ధి కాలేదు. సిగ్గుతో వెనక్కి తిరిగింది. వంటశాల పర్యవేక్షకురాలు హిమజకు కబురు పంపింది, రేపొకసారి రమ్మని.

సాయంత్రం పలహారాల వేళ భోజనాల గదిలో ఓ మూల కూర్చుంది. ఇదే ఆఖరు రోజనుకుంటూ అందరి మొహాలూ చూస్తోంది. చాలామంది సగం తిని కంచాలు తోసేస్తున్నారు. నూకరత్నం మాత్రం మారు వడ్డనకు లేచింది. ఎదురింటావిడ, యాభై నాలుగేళ్ళ మనిషి, పుల్లలా ఉండేది. ఈమధ్య కాస్త ఒళ్ళు చేసినట్టుంది. ఆవిడ కంచం నింపుకుని వచ్చి పక్కనే కూలబడింది.

"నీ చలవ మంగతాయారూ, తిండి తింటన్నాను," అంది నూకరత్నం.

"నిజం చెప్పు వదినా. ఇది బాగుందా నీకు?"

"బాగుండకేం? నాలుగేళ్ళయ్యింది నేను అన్నం తిని. మజ్జిగ తాగి బతికేను. ముట్లుడిగిన కాణ్ణించీ నోరు పొయ్యిలో పెట్టినట్టు ఒకటే మంట. ఇనప ముక్క చప్పరించినట్టు ఒక చేదు. పళ్ళోడు పళ్ళు బాగున్నాయన్నాడు. మా కోడలు, నీకు అన్నీ వంకలే అత్తయ్యా అంది. నోరు మూసుకున్నాను. ఇదిగో, ఈ వేసంగిలో నీ వంట మారింది. గొంతు దిగుతోంది. ఏం కలిపించేవో గానీ నీ కడుపు చల్లగుండా!"

మంగతాయారు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నాకూ మండుతోంది వదినా. నేనేం కలిపించలేదు. నా నోటి మంట చూసి వంటమరే కలిపింది."

నూకరత్నం నములుతున్నదల్లా ఆగిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఒక్కర్తినే అనుకోకు. అదిగో ఆదిశేషమ్మ, రెండోసారి తింటంది. ఆ కిటికీ పక్కన మాణిక్యం, అదీ అంతే. అడిగితే ఒప్పుకోరు. తినే తీరు చూడు."

మంగతాయారు చూసింది. గదిలో ఖాళీ అయిన కంచాలన్నీ ఒకే ఈడు ఆడవాళ్ళ ముందున్నాయి. ఆత్రంగా, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు తింటున్నారు. ఇన్నేళ్ళూ తన రుచిని పొగుడుతూ తనెదుటే ఆకలితో లేచి వెళ్ళినవాళ్ళు వీళ్ళు.

"రేపు చెప్పేస్తున్నాను వదినా. బిళ్ళ తీసేస్తారు."

"చెప్పకే," అంది నూకరత్నం. బతిమాలుతోంది ఆవిడ. "నీకు దణ్ణవెడతాను. ఇంకొన్నాళ్ళు తిననీ."

"పసిపిల్లలకి చుక్కలేస్తున్నారు. నోళ్ళు పొక్కిపోతున్నాయి."

నూకరత్నం పక్క వరసలో కంచాలు తోసేస్తున్న పిల్లల వైపు చూసింది. "మరేలే. పిల్లల ఉసురు మనకొద్దు," అని కంచం చివరిదాకా ఊడ్చి తినేసింది.

హిమజ మర్నాడు పొద్దున్నే వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల, చురుకైంది, పెద్దల దగ్గర మర్యాద తెలిసింది. మంగతాయారు చెప్పిందంతా విని, తన చేతి పలకలో పాత వైద్య గ్రంథాలు వెతికింది. వెతుకుతున్నకొద్దీ ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

"ఉందండీ. ఎప్పట్నుంచో రాసే ఉంది. ఈ దశలో కొందరికి నోరు మండుతుందట, రుచి మారుతుందట. చెవుల్లో హోరు, చర్మం మీద చీమలు పాకినట్టుండటం, మాట తడుముకోవటం కూడా ఉంటాయట. ఒంటికాపరికి ఇవేవీ నేర్పలేదు."

"ఎందుకని?"

"ఎక్కువమంది చెప్పిన బాధలే నేర్పారండీ. ఇవి ఎవరూ చెప్పలేదు."

"ఎవరూ అడగలేదేమో," అంది మంగతాయారు. కోపంగా అనలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

"మరి మా ఈడువాళ్ళకు వేరే గంగాళం పెట్టలేరా అమ్మా?" అని మళ్ళీ తనే అడిగింది.

హిమజ తల అడ్డంగా ఊపింది. "మర ఒక్క నాలుకనే వింటుందండీ. దాన్నలాగే కట్టారు. పైకి రాస్తాను. ఎప్పటికి తేలుతుందో చెప్పలేను."

అంగిట్లోంచి బిళ్ళ ఊడుతున్నప్పుడు నొప్పి పుట్టలేదు. వెల్తిగా అనిపించింది, అంతే. కుర్చీలో లిఖిత అనే ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి కూర్చుంది. చెడింది రుచికర్త నోరేనని, చుక్కలు ఆపమని హిమజ వైద్యశాలకు చెప్పింది.

ఇంటికెళ్ళి భాస్కరంతో చెప్పడం హిమజకు చెప్పడంకంటే కష్టమైంది. ఇన్నేళ్ళ కాపురంలో నెలసరి మాట వాళ్ళిద్దరి మధ్యా రాలేదు. అతను నేల చూపులు చూస్తూ విన్నాడు. తన నాలుక చావలేదని తెలిసి కాస్త తేలికపడ్డాడు, తేలికపడ్డందుకు సిగ్గుపడ్డాడు. "అలాగా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల గదిలో పండగే పండగ. పప్పుచారు ఎర్రగా, ఘాటుగా దిగింది. గోంగూర పుల్లగా నషాళానికి అంటింది. నిన్న వైద్యశాల వరసలో ఉన్న చంకపిల్ల రెండు చేతులతో తింటోంది. భాస్కరం లొట్టలేస్తూ మూడోసారి కలుపుకున్నాడు. మంగతాయారు మీద ఎవరికీ కోపం లేదు. "ఇన్నాళ్ళు మా కోసం కష్టపడ్డావు, ఇక హాయిగా తిను," అని నలుగురూ అన్నారు. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నిప్పు. నీళ్ళు తాగి కంచం పక్కకు జరిపింది. ఎదుటి వరసలో నూకరత్నం, ఆ వెనక ఆదిశేషమ్మ, మాణిక్యం కంచాలు జరుపుతున్నారు. చప్పుడు కాకుండా, అలవాటైన పనిలా.

ముద్ద ఎత్తిన భాస్కరం చెయ్యి మధ్యలో ఆగింది. భార్య కంచం చూశాడు. ఆ వరసలోని కంచాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఎడం చేత్తో ఆమె కంచం తీసుకుని లేచి వెళ్ళాడు. వడ్డించే గూటి దగ్గర మరతో కాసేపు వాదులాడాడు. అది చారు పొయ్యని అన్నం ఇవ్వదు, కలపని పెరుగు ఇవ్వదు. మొత్తానికి ఉత్త అన్నం, పెరుగు, బెల్లం ముక్క, చిటికెడు ఉప్పు సంపాదించుకుని వచ్చాడు. చెయ్యి కడుక్కుని ఆమె ముందే కలపడం మొదలెట్టాడు. ఇంకొకరికి ఎప్పుడూ కలిపిపెట్టిన చెయ్యి కాదు. పెరుగు ఒలికింది. బెల్లం నలగక గడ్డలు గడ్డలుగా ఉండిపోయింది. పక్కవాళ్ళు తినడం మాని చూస్తున్నారు. చెవులు ఎర్రబడ్డా అతను ఆపలేదు.

కంచం ఆమె ముందుకు జరిపాడు. ఆమె ఒక ముద్ద తిన్నది.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు.

నూకరత్నం తలెత్తి చూసింది. మంగతాయారుకేం తోచిందో ఆ బిళ్ళ చెప్పేది, మర వినేది, వాడ తినేది. ఆమె నోటికి ఎలా ఉందని ఇన్నేళ్ళలో ఆమెను అడిగినవాళ్ళు లేరు.

"లేదండీ," అంది, ఏడుపు ఆపుకుంటూ. "ఇంకొంచెం పడుతుంది."