వదులుకున్న వంతు

పొద్దున్నే కుట్టుమిషన్ ఆగకుండా కొట్టుకుంటోందంటే దర్జీ అయిన అమ్మ ఏదో దాస్తోందని కూతురికి తెలుసు. కూతురు బస్సు డ్రైవరు. డ్యూటీకి టైమవుతున్నా గుమ్మం దాటలేదు.

“పోయిన నెల క్లినిక్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకి వెళ్ళావుగా, ఫలితం ఏమొచ్చిందమ్మా?”

“అంతా బాగుందన్నారు. నువ్వు కదులు, బస్సు నీకోసం బెంగపెట్టుకుంటుంది.”

“ఎవరన్నారు?”

సమాధానం వచ్చేలోపే కళ్ళద్దాలు పెట్టుకున్న ఓ టీచరు తన గౌనుతో కొట్టులోకి వచ్చింది. నడుం దగ్గర వదులు చేయాలట. దర్జీ టేపు చుట్టి, ఎప్పుడూ అనే మాటే అంది: “ఊపిరి బిగబట్టకమ్మా, కొలత తప్పుతుంది.”

టీచరు ఊపిరి వదిలింది. కళ్ళు తుడుచుకుంది.

“అక్కా, ఆ రోజు క్లినిక్‌లో మీ వంతు నాకివ్వకపోతే ఏమైపోయేదాన్నో! ముఖద్వారం దగ్గర కణాలు మారుతున్నాయట. క్యాన్సర్ కాకముందే చూశారు. చిన్న చికిత్సతో తీసేశారు.”

టేపు దర్జీ చేతిలోంచి జారిపోయింది. టీచరుకు ఏమీ అర్థం కాలేదు. కూతురికి అంతా అర్థమైంది.

టీచరు వెళ్ళేదాకా పళ్ళు బిగబట్టింది. ఆ తర్వాత మిషన్ స్విచ్ ఆపేసింది.

“అబద్ధం చెప్పావా?”

“ఆవిడకి సెలవు దొరకదే. ముందు కస్టమరు, తర్వాత మనం. ఈ కొట్టు నడిచేదే అలా.”

“నీ ఒంటికీ అదే పద్ధతా? నీకోసం కొన్న గుడ్డ అలా కత్తిరించకుండా పడుంటుంది, సరే. నువ్వు కూడా అలాగే పడుంటావా?”

“నాకేం నొప్పి? ఏ జబ్బూ లేదు.”

“టీచరుకి మాత్రం ఉందా నొప్పి?”

దర్జీ కుర్చీలో కూలబడింది. మెల్లగా గొణిగింది. “సిగ్గేస్తుందే. ఈ వయసులో, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి...”

“రోజంతా ఎంతమందిని కొలుస్తావు?”

“నేను టేపునే చూస్తాను. మనిషిని చూడను.”

“అక్కడి నర్సూ అంతేనమ్మా.” కూతురు కింద పడ్డ టేపు తీసి అమ్మ చేతిలో పెట్టింది. “బస్సు నడుపుతున్నంతసేపూ నీ గురించే ఆలోచన. బ్రేకు మీద కాలు నిలవడం లేదు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?”

దర్జీ లేచింది. కొట్టు తలుపు వేసింది. కూతురు ఆ పూట డ్యూటీకి సెలవు చెప్పింది.

క్లినిక్‌లో ఓ చంటిబిడ్డ తల్లి విసుగ్గా అటూ ఇటూ తిరుగుతోంది. తన పిలుపు రాగానే దర్జీ లేచి, అలవాటుగా ఆమె వైపు తిరిగింది. “నువ్వు ముందు...”

కూతురు అమ్మ మోచెయ్యి పట్టుకుంది. చంటిబిడ్డను తను ఎత్తుకుంది. “బిడ్డను నేను చూసుకుంటా. నువ్వు వెళ్ళు.”

లోపల, బల్ల మీద దర్జీ కొయ్యబారిపోయింది. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. నర్సు ఆమె మోకాలి మీద మెల్లగా చెయ్యి వేసింది.

“ఊపిరి బిగబట్టకమ్మా.”

ఇన్నేళ్ళుగా అందరికీ తను చెప్పిన మాట. తనకు చెప్పిన వాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ లేరు. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతుండగా, దర్జీ ఊపిరి వదిలింది.