తడి ఆరని బల్ల

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ చివర కూర్చున్నవాళ్ళూ రావాలి, నా గొంతు అంత దూరం రాదు. గోరింక చేసిన ఘనకార్యం చెబుతాను.

గోరింక అంటే పిట్ట కాదు, పిల్ల. నోరు మూతపడదు కాబట్టి ఇంట్లో అందరూ అలాగే పిలిచేవారు. వాళ్ళమ్మ ముందు గదిలోనే చెక్క సామాన్లకు వార్నిష్ వేసేది.

ఆ మధ్యాహ్నం అమ్మ ఒక చిన్న బల్లకు చివరి పూత వేసింది.

"కాసేపు నడుం వాలుస్తానే. బల్ల ముట్టుకోకు, తడిగా ఉంది. రేపు పొద్దున్నే దర్జీ అత్తయ్య కొత్త కొట్టు తెరుస్తోంది. గుడ్డలు కత్తిరించేది దీనిమీదే."

గోరింక బల్లను ముట్టుకోలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ బీరువా మీద దుమ్ము కంటబడింది. అమ్మ లేచేసరికి గది అద్దంలా ఉండాలనుకుంది. పొడి తువ్వాలు తీసి టపటపా కొట్టింది. దుమ్మంతా కిటికీలోంచి పోవాలని ఫ్యాను కూడా గిర్రున తిప్పింది.

పోతుందా మరి? గదంతా చుట్టి చుట్టి, జిగురుగా ఉన్న బల్ల మీద వాలింది. నున్నటి చెక్క కాస్తా పంచదార చల్లిన బిస్కెట్టులా తయారైంది.

అమ్మ వచ్చి చూసి నుదురు కొట్టుకుంది.

"ఇల్లు దులిపావా, దుమ్ముకి షికారు చూపించావా?"

"నీకు సాయం చేద్దామని..." గోరింక కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు అత్తయ్య గుడ్డలు ఈ గరుకుకి పట్టుకుని చిరిగిపోతాయా అమ్మా?"

అమ్మ కోపం సగం దిగింది. "ఏడుస్తూ కూర్చుంటే పని అవుతుందా? ఆరాక రుద్ది మళ్ళీ వేద్దాం. ముందు ఆ ఫ్యాను ఆపు."

పూత ఆరాక అమ్మ బల్లను వరండాలో పెట్టి గరుకు కాగితంతో రుద్దింది. గోరింక గది తుడిచే పని పట్టింది, ఈసారి తడిగుడ్డతో.

"గట్టిగా పిండు, నీళ్ళు కారకూడదు. పైనుంచి కిందికి రా."

"కిందినుంచి మొదలెడితే?"

"పైన తుడిచిందంతా కింద పడుతుంది. రెండుసార్లు తుడిచే ఓపిక ఉంటే నీ ఇష్టం!"

గోరింక స్టూలెక్కి బీరువా పైభాగం తుడిచింది. తర్వాత అలమర, కిటికీ, ఆఖరున నేల. గుడ్డ మురికైనప్పుడల్లా బకెట్లో జాడించింది. బకెట్లో నీళ్ళు టీ రంగుకి తిరిగాయి.

బల్లను శుభ్రంగా తుడిచి లోపలికి తెచ్చారు. పొద్దు వాలిపోతోంది. అమ్మ గబగబా వార్నిష్ డబ్బా మూత తీయబోయింది. గోరింక ఆ మూత మీద చెయ్యి పెట్టేసింది.

"ఆగమ్మా! అటు చూడు."

కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న ఎండలో సన్నటి నలుసులు ఇంకా తేలుతున్నాయి.

"పూత రాత్రికల్లా ఆరాలే!" అంది అమ్మ.

"ఆరుతుంది. ముందు వీటిని దిగనీ."

అమ్మ ఒక్క క్షణం కూతురి వంక చూసి, కుంచె పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఇద్దరూ కదలకుండా ఆ ఎండ వైపే చూశారు. నలుసులు పల్చబడి, కనబడకుండా పోయాయి. గోరింక నేలనూ బల్లనూ తడిగుడ్డతో మరోసారి మెల్లగా తుడిచి, బల్ల ఆరాక, కుంచె అమ్మ చేతికి అందించింది.

మర్నాడు దర్జీ అత్తయ్య బల్ల మీద పట్టుగుడ్డ పరిచి లాగితే, అది ఎక్కడా ఆగకుండా జర్రున జారింది.

విన్నారుగా? మరిచిపోకండి. రేపు మీ పక్కింటి పిల్లలకి మీ మాటల్లో చెప్పండి. ఆ కిటికీ దగ్గరి ఎండ ముక్క మాత్రం వదిలేయకండేం.