కోడలి మీద పడిన నింద

బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో తెల్లవారితే గడప గడపకూ ఒక చాట కనిపిస్తుంది. చంద్రభాగ కూడా రోజూలాగే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. ఆకు మాత్రం వంకరగా తెగుతోంది. రాత్రంతా ఆమెకు నిద్ర లేదని కోడలు దీపాలి కనిపెట్టి ఇంకోసారి చాయ్ పెట్టిచ్చింది. అదీ పక్కనే చల్లారిపోయింది.

లోపల కొడుకు వినాయక్ ఫోను చూస్తూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. అత్తాకోడళ్లిద్దరికీ ఉన్నది ఆ ఒక్క ఫోనే. తల్లి పింఛనూ, పవర్‌లూమ్ మీద తను తెచ్చే కూలిలో మిగిలిందీ తల్లి ఖాతాలోనే వేస్తారు. వానలు పడేలోగా పైకప్పు వేయించాలని కూడబెట్టిన డబ్బు. ఇప్పుడు ఖాతా ఖాళీ.

"దీపాలీ, పైసలెక్కడ పోయినయ్?"

"ఏ పైసలు?"

"ఖరే చెప్పు, అబద్ధమాడకు. ఫోన్ల నుంచి పైసలు పంపుడు ఈ ఇంట్ల నీకు తప్ప ఎవరికొస్తది? మొన్న మంగేశ్ అడిగిండు గదా. మీ తమ్మునికి పంపినవా?"

"వాడు అడిగిండు, నేను లేవన్న. మీ ముంగటనే అన్న గదా."

"మరి గాలికి పోయినయా?"

మనిషి మంచివాడే, కోపం వస్తే మాత్రం చెవులు పనిచేయవు. గొంతు లేచింది. ఆ ఇళ్లకు గోడలు పేరుకే. బయట వరసగా కూర్చుని బీడీలు చుడుతున్న పక్కింటి గోదావరి, మిగతా ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. చంద్రభాగకు అంతా వినిపిస్తూనే ఉంది. ఆమె తల వంచుకుని ఇంకో ఆకు తీసుకుంది.

దీపాలి ఏడవలేదు. "మా తమ్మున్ని పిలుస్త. వాన్నే అడుగున్రి. అటెనక నేను ఈడ ఉండ," అంటూ చీరలు సంచిలో కుక్కసాగింది.

చంద్రభాగ ఒళ్లోని చాట నేలమీద పడింది. ఆమె లేచి లోపలికి వచ్చింది.

"దాన్ని ఏమనకు వినాయకా. నేనే."

నిన్న కోడలు నీళ్లకు పోయినప్పుడు ఫోను వచ్చింది. పింఛను ఆఫీసట. మావశీ, మావశీ అంటూ మరాఠీలో సొంత పిన్నిని పిలిచినట్టు ఎంతో మర్యాద. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి చంద్రభాగ వేళ్ల గీతలు అరిగిపోయాయి. పింఛను కోసం బతికే ఉన్నానని చూపించడానికి ఏటా మిషను మీద వేలు పెడితే, ఎన్నిసార్లు కడిగినా పడదు. ఇక వేలు అక్కర్లేదు, లింకు నొక్కి, వచ్చిన నంబరు చెబితే చాలన్నాడు ఆ పెద్దమనిషి. ఆమె ఆ ఫోనుకు దండం కూడా పెట్టింది. సాయంత్రం మళ్లీ చేస్తే ఆ నంబరు కలవలేదు, అప్పుడు అనుమానం వచ్చింది.

"ఆ నంబరు ఖాతాకు తాళంచెయ్యి అసుంటిది అత్తమ్మా. ఏ ఆఫీసోల్లు అడగరు," అంటూనే దీపాలి ఫోను లాక్కుని, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కొట్టింది. అవతలివాళ్లు అన్నీ రాసుకున్నారు. నిన్ననే చెప్పి ఉంటే డబ్బును దారిలోనే ఆపే వీలుండేదన్నారు. ఇప్పుడు చూస్తామన్నారు, అంతే.

వినాయక్ గోడవైపు తిరిగి, "తప్పయింది దీపాలీ," అన్నాడు. ఆమె సంచి వైపు తిరిగింది.

"నా మీద కోపమొచ్చిందా బిడ్డా?" అంది చంద్రభాగ.

"మోసపోయినందుకు రాలే. నన్ను దొంగ అంటుంటె మీరు ఆకు కత్తిరించుకుంట కూసున్నరు. దానికొచ్చింది."

చంద్రభాగ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముసల్దానికి బుద్ధి లేదంటారన్న ఒక్క భయానికి ఇంటి పిల్ల పరువు తీసింది. పైకప్పు ఎప్పటికైనా వేయించుకోవచ్చు. ఇదెలా సరిచేయాలి? కళ్లు తుడుచుకుని గడప దాటింది.

"గోదావరీ, అందరు వినున్రి. మా కోడలు ఏం తియ్యలె. ఎవడో ఫోన్ల అడిగితే నేనే నంబరు చెప్పిన. వేలు అక్కర్లేదని మీకు ఫోనొస్తే కట్ చెయ్యున్రి. లింకు ఒత్తకున్రి."



"నాగ్గూడ వచ్చింది," అంది గోదావరి మెల్లగా. "పొయ్యి మీద పాలున్నయ్, రేపు చెయ్యి బాబూ అన్న."

ఆమె లేచి, చంద్రభాగను దాటుకుని లోపలికి వచ్చి, తన ఫోను దీపాలి చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గర్నే ఉండనియ్యి బిడ్డా. నాకు భయమైతుంది."

అప్పటిదాకా బిగబట్టుకున్న దీపాలికి, ఆ ఫోను అందుకున్నాక కన్నీళ్లు ఆగలేదు.