ఖాళీ అంటే గట్టినేల

మా ఊళ్ళో మధ్యాహ్నం ఎవరూ బయట తిరగరు. ఆ ఎండకి కుక్కలు కూడా నేలకిందకి దూరతాయి. గుట్టల్ని తొలుచుకుని ఇళ్ళు చేసుకున్నాం అందరం. రంగురాళ్ళ కోసం తవ్విన చోటే మంచాలేసుకున్నాం, పొయ్యి పెట్టుకున్నాం. దీపం ఆర్పితే పట్టపగలే మన చెయ్యి మనకి కనపడదు.

మేముండే ఇల్లు మా పెదనాన్న జ్వోన్కోది. మార్చిలో పోయాడు. మంచివాడు కాదు. ఆయన రాళ్ళు తవ్వే గుంత దగ్గరికి ఎవడైనా వస్తే తుపాకి చూపించేవాడు. పెళ్ళాం పిల్లలు లేరు కాబట్టి ఇల్లు మాకొచ్చింది.

మారిన్ అన్నకి పెళ్ళి కుదిరింది. ఇంకో గది కావాలి. పడమర గోడ తొలుద్దామన్నాడు. ఇక్కడ గోడ తొలిచే ముందు అంతకుముందు తవ్వినోడి రాతలు చూసుకోవాలి. ఎక్కడ ఎన్నడుగులు తవ్వాడో, సొరంగం ఎటు పోయిందో చూడకుండా బోలు జాగాలోకి దూరిపోతే కప్పు నెత్తిన పడుద్ది. పెదనాన్న ఆ రాతలన్నీ ఫోనులో రాసుకునేవాడు. ఆయన గుండెపోటొచ్చి ఫోను మీదే పడ్డాడు, అది పగిలింది. క్లౌడులో బ్యాకప్పు ఉంటదని, పాస్‌వర్డు చచ్చిపోయిన ఆయన కుక్క పేరని అమ్మ చెప్పింది.

తెరిచి చూస్తే ఖాళీ.

"రాయలేదంటే తవ్వలేదు. తవ్వలేదంటే గట్టినేల," అన్నాడు అన్న. "రేపే మొదలెడతా."

"ఒక్కరోజు ఆగన్నా. ఆయన రాయకుండా ఉండే రకం కాదు."

"నీకు నీ నీడంటేనే భయం రా ఇవో. అమ్మా, వీడికి గదొద్దు, పక్షిగూడు కట్టించు."

"వాణ్ణనకు," అంది అమ్మ, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుడుతూ. "మీ పెదనాన్నని నమ్మి మోకాలి లోతు నీళ్ళలో కూడా దిగలేం. వాణ్ణి లైబ్రరీకి వెళ్ళి అడిగి రానీ."

మర్నాడు పొద్దున లైబ్రరీకి వెళ్ళా. అక్కడ ఆంథియా అక్క ఉంటది. ఎవరి ఫోను పాడైనా ఆమె దగ్గరికే పోతాం. చూసి నవ్వింది.

"ఖాళీ కాదు బాబూ. ఏమీ లేదంటూనే ఎంత చోటు తినేసిందో చూడు. బయట నుంచి చూస్తే కనపడదు. ఆయన వాడిన నోట్సు యాపే వేసి, ఆయన పేరు మీదే తెరవాలి."

నా ఫోనులో వేసింది. చాలాసేపు తిరిగింది. రెండొందల పన్నెండు నోట్సు వచ్చినయ్. అన్నిటికీ తారీకులున్నాయి. లోపల ఒక్క అక్షరం లేదు.

"చెరిపేశాడు," అంది అక్క. "ఒక్కోటీ తెరిచి, కూర్చుని చెరిపాడు. చెరపకముందు దాచిన బ్యాకప్పు ఇంకోటి ఉంటది, ఉండు." కిందికి, ఇంకా కిందికి జరిపి ఒకటి నొక్కింది. "ఇదిగో. చదివిపెట్టనా?"

"నేనే చదువుకుంటా అక్కా."

నా చదువు ఎనిమిదితో ఆగింది. ఎవరి ముందైనా చదవాలంటే సిగ్గు. మూలకి పోయి, పెదాలు కదుపుకుంటూ చదివా.

*రాళ్ళ దొంగ నా గుంతలో దిగాడు. నిచ్చెన పైకి లాగేశా.*

*నాలుగో రోజు. ఇంకా అరుస్తున్నాడు.*

*తొమ్మిదో రోజు. గుంత పూడ్చేశా.*

మళ్ళీ చదివా. తప్పు చదివానేమో అనుకున్నా. తరవాతది ఏడాది తరవాతది.

*పడమర గోడలో తడుతున్నాడు. చప్పుడుని బట్టి ముప్పై అడుగుల దూరం.*

*ఇరవై రెండు.*

*పదిహేను. తవ్వుకుంటూ వస్తున్నాడు.*

*తొమ్మిది. పిలిచినా పలకలేదు.*

అన్నీ అంకెలే. ఆఖరిది ఆయన పోయే ముందు రోజుది.

*నాలుగడుగులు. ఎవడన్నా ఇటునుంచి తవ్వాడో, అటునుంచి వచ్చేవాడి పని సగమైపోద్ది.*

అన్నకి ఫోను చేశా. రాయి కింద సిగ్నలుండదు. తెలిసే చేశా...

పరిగెత్తా. రోడ్డు నిప్పులా ఉంది. గుమ్మం దగ్గరికొచ్చేసరికి లోపల కరెంటు సుత్తి మోగుతోంది. హమ్మయ్య అనుకున్నా. అమ్మ చర్చిలో పూలు మార్చడానికి పోయింది, ఇంట్లో అన్న ఒక్కడే.

"అన్నా, ఆపు!"

సుత్తి ఆగింది. దీపం కూడా ఆరిపోయింది.

గోడ పట్టుకుని నడిచా. ఏదో వాసనేసింది. తడిమట్టి వాసన. మా ఊళ్ళో వాన పడి ఏడాదిన్నర. దాంట్లో ఇంకేదో కలిసుంది, ఉతకని బట్టల కంపులాంటిది.

"అన్నా..."

"ఇటు రా," అని గుసగుసగా. అన్న గొంతే.

"దీపం ఏమైంది?"

"వద్దు. దీపం వద్దు. ఇంకొక్కడుగు వెయ్యి."

అడుగెయ్యబోయి ఆగిపోయా. నా నుదురు గోడకి తగిలింది. ఇంక గది లేదు. గొంతు గోడ లోపల్నుంచి వస్తోంది.

ఫోను లైటు వేశా.

గోడలో కన్నం ఉంది. మనిషి భుజాలంత. చెయ్యి పెడితే మోచేతి దాకా పోయింది, ఆపైన రాయి. గట్టిరాయి, నున్నగా. అన్న లేడు. సుత్తి లేదు. సుత్తికున్న కరెంటు వైరు మాత్రం ప్లగ్గు నుంచి నేల మీదుగా వచ్చి కన్నంలోకి పోయింది. అక్కణ్ణుంచి... రాయిలోకి పోయింది. సందు లేదు. చీలిక లేదు.

వైరు పట్టుకుని లాగా.

అటునుంచి కూడా లాగారు.

గనుల వాళ్ళు నలుగురొచ్చారు. పొడుగాటి బరమాతో నలభై అడుగుల దాకా తొలిచి చూశారు. అంతా గట్టినేల అన్నారు. "పెళ్ళి ఇష్టం లేక పారిపోయుంటాడు," అన్నాడు వాళ్ళ పెద్దాయన, నా మొహం చూడకుండా. వైరు కోసి చుట్ట చుట్టుకుని పోయాడు. ఎందుకు కోశాడో, లాగి తీసుకోలేదెందుకో నేనడగలేదు.

ఇల్లొదిలేద్దామంటే అమ్మ కదల్లేదు. "వాడొస్తే ఎవరుంటారు రా ఇక్కడ?" అంది.

వారం తరవాత, సిగ్నలే అందని ఆ ఇంట్లో, నా ఫోనులో పెదనాన్న పేరు మీద కొత్త నోటు వచ్చింది.

*నలభై అడుగులు. మారిన్.*

మర్నాడు ముప్పై ఏడు. తరవాత ముప్పై ఒకటి. ఆ యాపు తీసేశా. మళ్ళీ వచ్చింది. అమ్మకి కనపడకుండా ఫోను దిండు కింద పెట్టుకుని పడుకునేవాణ్ణి.

ఈ పొద్దున లేచేసరికి దిండు కింద ఫోను లేదు.

అమ్మ పడమర గోడ దగ్గరుంది. జుట్టంతా తెల్లటి దుమ్ము. చేతిలో గునపం. ఆ రోజు తరవాత అమ్మ నవ్వడం ఇవాళే చూశా.

"వాడే రాశాడు రా ఇవో. ఇటునుంచి మనం కూడా తవ్వితే పని సగమైపోద్దంట. పట్టు, నువ్వో చెయ్యి వెయ్యి."

"అమ్మా, అది అన్న కాదే..."

"ష్... విను, తడుతున్నాడు." గోడకి చెవి ఆనించింది.

నాకూ వినపడింది. మూడుసార్లు, నెమ్మదిగా.

అమ్మ గోడనే చూస్తోంది. చప్పుడు మాత్రం నా అరికాళ్ళ కింద నుంచి వస్తోంది.